రోగినీ, వెంట ఉండేవారినీ శ్వాసకోశ అంటువ్యాధుల కోసం స్క్రీనింగ్ చేయడం ఎలా?

2015లో దక్షిణ కొరియాలో మెర్స్ అనే, ఒక రకం కరోనా వైరస్ వల్ల వచ్చే శ్వాసకోశ వ్యాధి 186 మందికి సోకింది. వారిలో 38 మంది చనిపోయారు. ఆ వ్యాధి దాదాపు పూర్తిగా ఆసుపత్రుల లోపలే ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఒక అత్యవసర విభాగంలో మూడు రోజుల పాటు ఉన్న ఒక్క రోగి నుంచే సుమారు 80 మందికి అంటుకుంది. సోకినవారిలో తోటి రోగులు, సిబ్బందితో పాటు మంచం పక్కన కూర్చుని సేవ చేసిన కుటుంబసభ్యులు, పలకరించడానికి వచ్చిన బంధువులు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారు. స్క్రీనింగ్, అంటే లక్షణాలున్నవారిని ముందుగానే అడిగి గుర్తించడం, అనగానే రోగి ఒక్కరే గుర్తుకు వచ్చే ప్రతిచోటా ఈ సంఘటనను చెప్పాలనిపిస్తుంది, ఎందుకంటే వెంట వచ్చిన మనిషి కూడా వార్డులోని ఆ గాలినే పీలుస్తాడు, వరండాలోనే పడుకుంటాడు, రోజుకు పదిసార్లు లోపలికీ బయటికీ తిరుగుతాడు, అయినా కేసు షీటులో అతని పేరు ఎక్కడా ఉండదు.

ఓపీ కౌంటరు దగ్గర కూర్చునేవారినీ, వార్డు నర్సులనూ, చిన్న ఆసుపత్రులు నడిపేవారినీ దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఒక బల్ల, సరిపడా మాస్కులు, చేతులు శుభ్రం చేసుకునే ద్రావణం, ఒక థర్మామీటరు, ఒక పల్స్ ఆక్సీమీటరు, ఓపికగా అడిగే ఒక మనిషి ఉంటే పని మొదలుపెట్టవచ్చు. మీ ఆరోగ్యశాఖ నియమాలు ఇంతకంటే కఠినంగా ఉంటే వాటినే పాటించండి.

బల్ల ఎక్కడ వేయాలి

స్క్రీనింగ్ బల్ల రిజిస్ట్రేషన్ వరుస కంటే ముందు ఉండాలి. అరగంట సేపు వరుసలో నిలబడి దగ్గిన మనిషిని, చీటీ చేతికి ఇచ్చిన తరువాత దగ్గు గురించి అడిగితే అప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోయి ఉంటుంది. వీలైతే బల్లను ఆరుబయట నీడలోనో, రెండు వైపులా కిటికీలు తెరిచి ఉన్న చోటనో వేయండి. కుర్చీలు వేసే ముందు గాలి ఎటు వీస్తోందో చూడండి. ఒక పలుచని కాగితపు ముక్కను రెండు వేళ్ళతో పట్టుకొని నిలబడితే అది ఎటు వంగుతుందో గాలి అటు పోతున్నట్టు. అడిగే ఉద్యోగి వీపు వైపు నుంచి గాలి వచ్చి, ఎదుటివారి మీదుగా బయటికి పోవాలి. ఫ్యాను రోగి వెనుక తిరుగుతూ ఉంటే ఆయన దగ్గిన ప్రతిసారీ తుంపరలు అడిగేవారి ముఖం మీదికే వస్తాయి. ఫ్యాను చోటు మార్చడానికి ఒక నిమిషం కూడా పట్టదు, కానీ నేను చూసిన చాలా చోట్ల దీన్ని ఎవరూ గమనించనే లేదు.

బల్లకు ఇటూ అటూ కనీసం 1 మీటరు దూరం ఉంచండి. అక్కడ కూర్చునే ఉద్యోగి మాస్కు ఎప్పుడూ పెట్టుకొనే ఉండాలి. చేతులకు వాడే ద్రావణంలో ఆల్కహాలు 60 నుంచి 80 శాతం ఉండాలి, దానితో 20 నుంచి 30 సెకన్ల పాటు రుద్దుకోవాలి. చేతులకు మురికి కనిపిస్తుంటే సబ్బు, నీళ్ళే సరైనవి. మూత ఉన్న చెత్తబుట్ట కూడా పక్కనే పెట్టండి, లేకపోతే వాడిన మాస్కులు కుర్చీల కింద తేలతాయి. దగ్గు, జ్వరం ఉన్నవారు ముందుగా చెప్పాలని కోరే బోర్డును చదవడం రానివారికి కూడా అర్థమయ్యేలా బొమ్మలతో పెట్టండి.

ఒక విషయం మాత్రం అన్నిటికంటే ముందు చూడాలి. మనిషి మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నా, పెదవులు నీలంగా మారినా, స్పృహ మందగించినా ప్రశ్నల కాగితం పక్కన పెట్టి వెంటనే అత్యవసర విభాగానికి పంపండి. వీలైతే మాస్కు పెట్టి, అక్కడి సిబ్బందికి ముందుగా కబురు చేయండి. స్క్రీనింగ్ కారణంగా ఎవరి వైద్యమూ ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకూడదు.

ఏమి అడగాలి, ఎలా అడగాలి

ప్రశ్నలు కొన్నే ఉండాలి, అవి అందరికీ ఒకే వరుసలో ఉండాలి. దగ్గు ఉందా, ఉంటే ఎన్ని రోజులుగా ఉంది? జ్వరం గానీ చలి గానీ వచ్చిందా? గొంతు నొప్పి, జలుబు, ఒళ్ళు నొప్పులు, ఆయాసం, వాసన తెలియకపోవడం వంటివి ఉన్నాయా? ఒంటి మీద పొక్కులు గానీ దద్దుర్లు గానీ లేచాయా? ఇంట్లో గానీ పనిచేసే చోట గానీ ఎవరికైనా ఇలాంటి లక్షణాలు ఉన్నాయా? ఈ మధ్య ప్రయాణం చేశారా, లేదా వేరే ఆసుపత్రిలో ఉన్నారా? ఈ చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. కొరియాలో వ్యాధి ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికి రోగులతో పాటే ప్రయాణించింది కాబట్టి నేను దీన్ని ఎప్పుడూ వదలను.

దగ్గు 2 వారాలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే క్షయ గురించి మరో మూడు ప్రశ్నలు చేర్చండి. సాయంత్రం పూట జ్వరం వస్తోందా, రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయా, బరువు తగ్గారా అని అడగండి. తెమడలో రక్తం పడిందా అని కూడా అడగాలి. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి విషయంలో 2 వారాలు నిండేదాకా ఆగకూడదు. దగ్గు ఎన్నాళ్ళ నుంచి ఉన్నా, దగ్గు లేకుండా జ్వరమో, బరువు తగ్గడమో, రాత్రి చెమటలో ఒక్కటే ఉన్నా క్షయ పరీక్ష చేయించాలి.

ప్రశ్నల కంటే అడిగే తీరే ఎక్కువ పనిచేస్తుందని నేను వార్డులో నేర్చుకున్నాను. నర్సుగా పనిచేసిన తొలి సంవత్సరాలలో, ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ మంచం పక్కన ఆమె కూతురు ఉండేది. "దగ్గు, జ్వరం ఏమైనా ఉన్నాయా?" అని రోజూ అడిగేదాన్ని, ఆమె రోజూ తల అడ్డంగా ఊపేది. ఒక రాత్రి స్నానాలగది ముందు నుంచి వెళ్తుంటే కుళాయి పూర్తిగా విప్పిన చప్పుడు, దాని వెనుక నుంచి లోతైన దగ్గు వినిపించాయి. తలుపు తీసుకొని బయటికి వచ్చినప్పుడు ఆమె మడత పెట్టిన తువ్వాలును నోటికి గట్టిగా అదిమి పట్టుకొని ఉంది. "దగ్గుందంటే పంపించేస్తారనుకున్నాను సిస్టర్. నేను వెళ్ళిపోతే అమ్మను లేపి కూర్చోబెట్టేవాళ్ళు కూడా ఎవరూ లేరు" అంది. ఆమె దగ్గుకు అప్పటికి మూడు వారాలు. తెమడ పరీక్షలో క్షయ బయటపడింది. ఆమె అబద్ధం చెప్పడానికి కారణం నా ప్రశ్నలోనే ఉంది. నిజం చెబితే ఏమవుతుందో నేను ఆమెకు ముందుగా ఒక్కసారి కూడా చెప్పలేదు.

అప్పటి నుంచి మాట తీరు మార్చుకున్నాను. ఇప్పుడు ఇలా అడుగుతాను: "అమ్మా, ఇక్కడ ఉండేవాళ్ళందరినీ రోజూ ఇదే అడుగుతాం. మీకు దగ్గు గానీ జ్వరం గానీ ఉందని చెబితే మాస్కు ఇస్తాం, మీకు కూడా పరీక్ష చేయిస్తాం, మీ అమ్మగారిని ఎవరు చూసుకోవాలో మేమూ కలిసి ఆలోచిస్తాం. నిన్నటి నుంచి మీకు ఎలా ఉంది?" చివరి ప్రశ్న అవునో కాదో అని తేల్చేది కాకపోవడం గమనించండి. నాలుగు మాటలు చెప్పే సందు ఇస్తే దగ్గు సంగతి దానంతట అదే బయటికి వస్తుంది. పక్కవారికి వినపడేలా అడగకండి. క్షయ, హెచ్‌ఐవీ అనే మాటలను నలుగురిలో పలికితే తరువాత వచ్చే పదిమంది నోరు విప్పరు.

కొలతలు తీయడం

జ్వరం హద్దుగా సాధారణంగా 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తీసుకుంటారు. అయితే థర్మామీటరు ఒక్కదాన్నే నమ్ముకొని మనుషులను లోపలికి పంపకండి. జ్వరం మాత్ర వేసుకొని వచ్చినవారిలో, ముసలివారిలో, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో అంటువ్యాధి ఉన్నా వేడి కనిపించకపోవచ్చు. అందుకే "గత 6 గంటల్లో జ్వరం మాత్ర గానీ నొప్పి మాత్ర గానీ వేసుకున్నారా?" అని అడగడం అలవాటు చేసుకోండి. నుదుటి దగ్గర పట్టే థర్మామీటరు వాడితే ముందు చెమట తుడవాలి, ఎండలో నుంచి గానీ చలిలో నుంచి గానీ వచ్చినవారిని కొన్ని నిమిషాలు కూర్చోబెట్టి అప్పుడు చూడాలి.

శ్వాసను మాత్రం తొందరపడకుండా నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే, ముఖ్యంగా పసిపిల్లల్లో, లెక్క తప్పుతుంది. పెద్దవారిలో నిమిషానికి 30 దాటితే తీవ్రమైన స్థితి. పిల్లల్లో 2 నెలల లోపు 60, 2 నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి 5 ఏళ్ళ లోపు 40, లేదా అంతకంటే ఎక్కువ ఉంటే వేగంగా ఊపిరి తీసుకుంటున్నట్టు లెక్క. బిడ్డ ఏడుస్తున్నప్పుడు లెక్కపెట్టకూడదు, తల్లి ఒడిలో నిమ్మళించాక చొక్కా పైకెత్తి పొట్ట కదలికను చూడాలి.

పల్స్ ఆక్సీమీటరు పెట్టే ముందు గోళ్ళ రంగు తుడవండి, చల్లబడిన వేళ్ళను కాసేపు వెచ్చబరచండి. అంకె నిలకడగా వచ్చేదాకా ఆగండి. ఆక్సిజన్ శాతం 90 కంటే తగ్గితే అత్యవసరం. 90కీ 94కీ మధ్య ఉంటే డాక్టరు వెంటనే చూడాలి. నల్లని చర్మం ఉన్నవారిలో ఈ పరికరం అసలు కంటే కాస్త ఎక్కువ చూపించవచ్చు కాబట్టి, అంకె బాగానే ఉన్నా మనిషి ఎగశ్వాసతో ఉంటే మీ కంటినే నమ్మండి.

అనుమానం కలిగాక మొదటి పది నిమిషాలు

లక్షణాలున్న మనిషికి వెంటనే సర్జికల్ మాస్కు ఇచ్చి, ముక్కు పైన తీగను ఎలా నొక్కాలో చూపించండి. ఎన్95 మాస్కు రోగి కోసం కాదు, ఆయన దగ్గరికి వెళ్ళే సిబ్బంది కోసం. కవాటం ఉన్న మాస్కు రోగికి ఇవ్వకూడదు, ఎందుకంటే ఆయన వదిలిన గాలి ఆ కవాటంలో నుంచి వడపోత లేకుండానే బయటికి వస్తుంది. రెండేళ్ళ లోపు పిల్లలకు, స్పృహ లేనివారికి, ఊపిరాడక ఇబ్బంది పడుతున్నవారికి మాస్కు పెట్టకండి. వారిని వేరే చోటికి మార్చడమే ఉపాయం.

తరువాత ఆ మనిషిని జనం కూర్చున్న హాలు నుంచి తీసేయాలి. ఏ గదిలోకి అన్నది అనుమానించిన వ్యాధిని బట్టి ఉంటుంది. ఫ్లూ, కోరింత దగ్గు వంటివాటికి విడిగా ఒక మూల, కనీసం 1 మీటరు ఎడం, మాస్కు ఉంటే చాలావరకు సరిపోతుంది. క్షయ, తట్టు, ఆటలమ్మ గాలిలో తేలుతూ వ్యాపిస్తాయి కాబట్టి తలుపు మూసి, బయటి వైపు కిటికీలు తెరిచిన ప్రత్యేక గది ఉండాలి. ఆ గదిలోకి వెళ్ళే సిబ్బంది ఎన్95 పెట్టుకోవాలి. కోవిడ్ అనుమానించినప్పుడు కూడా సిబ్బందికి ఎన్95 ఉండటమే క్షేమం. సహజంగా గాలి ఆడే ప్రత్యేక గదుల్లో ఒక్కొక్క రోగికి సెకనుకు 160 లీటర్ల గాలి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించింది. మూసిన కిటికీలతో ఏసీ వేసిన చిన్న గది ఆ లెక్కకు దరిదాపుల్లోకి కూడా రాదు.

జ్వరం, దగ్గు, ఎర్రబడిన కళ్ళు, దద్దుర్లు ఉన్న బిడ్డ వస్తే తట్టు అనుకొని, హాలులోకి రానివ్వకుండా వేరే ద్వారం నుంచి నేరుగా గదిలోకి తీసుకువెళ్ళండి. తట్టు వైరస్ రోగి వెళ్ళిపోయాక కూడా 2 గంటల వరకు గాలిలో నిలిచి ఉండగలదు, కాబట్టి ఆ గదిని అంతసేపు ఖాళీగా ఉంచాలి. వ్యాధినిరోధకత ఉందని రుజువైన సిబ్బందే ఆ బిడ్డను చూడాలి.

అనుమానితులందరినీ ఒకే గదిలో పడుకోబెట్టడం పెద్ద పొరపాటు. ఫ్లూ ఉన్న మనిషి పక్కన క్షయ ఉన్న మనిషిని పడుకోబెడితే ఒక జబ్బుతో వచ్చినవారికి రెండు అంటగట్టినట్టవుతుంది. పరీక్షలో ఒకే వ్యాధి తేలినవారిని మాత్రమే ఒక చోట ఉంచవచ్చు. గదులు చాలకపోతే అన్నిటికంటే ముందు క్యాన్సరు చికిత్స, డయాలిసిస్, అవయవ మార్పిడి, నవజాత శిశు విభాగాల్లోని రోగులకు దూరంగా ఉంచండి.

తెమడ నమూనాను వార్డులోనూ మరుగుదొడ్డిలోనూ తీయించకండి. ఆరుబయట, ఎవరూ లేని చోట, నోరు పుక్కిలించి లోతుగా దగ్గి ఇవ్వమని చెప్పాలి. లాలాజలం వస్తే ఆ నమూనా పనికిరాదు. క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని గుర్తించే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షను 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది, యంత్రంలో పెట్టాక ఫలితం 2 గంటల్లో వస్తుంది. కోవిడ్‌కు చేసే ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్షలో లేదని వచ్చినంత మాత్రాన, లక్షణాలు బలంగా ఉన్న మనిషిని అందరిలో కలపకండి. అంతకంటే కచ్చితమైన ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగండి.

వెంట ఉండేవారి సంగతి

రోగిని అడిగిన ప్రశ్నలన్నీ వెంట వచ్చినవారిని కూడా, అదే బల్ల దగ్గర, అదే సమయంలో అడగండి. రోగి కేసు షీటుకు ఒక కాగితం జతచేసి, వెంట ఉండే మనిషి పేరు, ఫోను నంబరు, రోగితో చుట్టరికం, లక్షణాలు, తేదీ రాయండి. ఆ కాగితం లేకపోతే రేపు వార్డులో ఒకరికి తట్టు తేలినప్పుడు ఎవరెవరు ఆ రోజు అక్కడ కూర్చున్నారో చెప్పగలిగేవారు ఉండరు.

ఒక రోగికి ఒకరే, వీలైనంత వరకు ఆ ఒక్కరే ఉండేలా చూడండి. మనిషి మారిన ప్రతిసారీ మళ్ళీ మొదటి నుంచి అడగాలి. లక్షణాలున్న మనిషిని గుర్తించాక "మీరు ఇక వెళ్ళండి" అని గేటు బయట వదిలేయడంతో మన పని తీరదు. అతనికి మాస్కు, పరీక్ష, ఎక్కడికి వెళ్ళాలో చెప్పే చీటీ ఇవ్వాలి. అతని బదులు ఎవరు వస్తారో ఇద్దరూ కలిసి తేల్చాలి. బదులు ఎవరూ లేనప్పుడు రోగికి అన్నం తినిపించడం, దుప్పటి మార్చడం వంటి పనులను ఆ పూటకు ఏ సిబ్బంది చేస్తారో వార్డు ఇన్‌చార్జి రాసి పెట్టాలి. ఈ ఏర్పాటు ఉందని తెలిసిన వార్డులోనే మనుషులు తమ దగ్గు గురించి నిజం చెబుతారు.

చిన్నపిల్లల తల్లి విషయంలో తీర్పు వేరుగా ఉండాలి. ఆమెకు జలుబు, దగ్గు ఉన్నాయని పసిబిడ్డ నుంచి విడదీస్తే బిడ్డకు కలిగే నష్టమే ఎక్కువ కావచ్చు. చాలా సందర్భాల్లో మాస్కు, చేతుల శుభ్రత పాటిస్తూ తల్లి పాలివ్వవచ్చు. తల్లీబిడ్డలను కలిపి ఒకే గదిలో, ఇతర శిశువులకు దూరంగా ఉంచడమే మంచిది. క్షయ, తట్టు, ఆటలమ్మ అనుమానిస్తే మాత్రం డాక్టరు నిర్ణయించాలి.

వార్డులో ప్రతిరోజూ

గుమ్మం దగ్గర ఏ లక్షణమూ లేని మనిషి మూడో రోజున దగ్గడం మొదలుపెట్టవచ్చు. ఫ్లూ సోకిన 1 నుంచి 4 రోజుల్లో బయటపడుతుంది, కోవిడ్ 2 నుంచి 14 రోజుల్లో, ఆటలమ్మ 10 నుంచి 21 రోజుల్లో. తట్టు దద్దుర్లు సాధారణంగా రెండు వారాలకు కనిపిస్తాయి, కానీ దద్దుర్లు లేవడానికి 4 రోజుల ముందు నుంచే అది ఇతరులకు అంటుతుంది. అందువల్ల ఉదయం రౌండులో బీపీ, నాడి చూసేటప్పుడే రోగినీ, పక్కన కూర్చున్నవారినీ కొత్తగా దగ్గు గానీ జ్వరం గానీ వచ్చాయేమో అడగండి. దీనికి మంచానికి ఒక నిమిషం కంటే ఎక్కువ పట్టదు. ఒకే వార్డులో రెండు, మూడు రోజుల్లో ఇద్దరు, ముగ్గురికి కొత్తగా దగ్గు మొదలైతే, ఫలితాల కోసం చూడకుండా ఇన్ఫెక్షన్ నియంత్రణ బాధ్యులకు చెప్పి, ఆ వార్డు నుంచి రోగులను ఇతర వార్డులకు మార్చడం ఆపండి.

సిబ్బందిని కూడా ఈ లెక్కలోనే చేర్చండి. దగ్గుతూ డ్యూటీకి వచ్చిన నర్సు ఒక్క పూటలో వెళ్ళినన్ని మంచాల దగ్గరికి వెంట ఉండే మనిషి వెళ్ళలేడు. సెలవు పెడితే జీతం కోత పడుతుందన్న భయం ఉన్నచోట వారు కూడా ఆ కూతురిలాగే దగ్గును దాచుకుంటారు, కాబట్టి ఈ విషయంలో యాజమాన్యం మాట ముందే స్పష్టంగా ఉండాలి.

ప్రత్యేక గది నుంచి ఎప్పుడు బయటికి తేవాలన్నది కూడా వ్యాధిని బట్టే ఉంటుంది. తట్టుకు దద్దుర్లు లేచిన తరువాత 4 రోజులు, కోరింత దగ్గుకు సరైన యాంటీబయాటిక్ మొదలుపెట్టిన తరువాత 5 రోజులు, ఆటలమ్మకు పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా ఉంచాలి. రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారిలో ఈ గడువులు పెరగవచ్చు.

రాత్రి పూట ఒక జాగ్రత్త మరవకండి. పగలు ఉన్న మనిషి ఇంటికి వెళ్ళి, రాత్రికి మరొకరు వచ్చే వేళకు స్క్రీనింగ్ బల్ల దగ్గర ఎవరూ ఉండరు. ఆ మార్పు జరిగే గంటలో వార్డు గుమ్మం దగ్గరే, డ్యూటీ నర్సు చేతిలో మాస్కుల పెట్టె, ఆ కాగితాల కట్ట ఉండేలా చూడండి. వచ్చిన మనిషి సంచీ కింద పెట్టకముందే "నిన్నటి నుంచి మీకు ఎలా ఉంది?" అని అడగాలి, జవాబు విని రాసుకున్నాకే లోపలికి పంపాలి.